యుప్పితెర్, యొవిస్: ఒకే పేరా, రెండు పేర్లా?

ప్రశ్న: లాటిన్ సొంతంగా నేర్చుకుంటున్నాను. రోమన్ల ప్రధాన దేవుడు జూపిటర్ పేరు ప్రథమా విభక్తిలో యుప్పితెర్ అని ఉంది. షష్ఠికి వచ్చేసరికి యొవిస్, ద్వితీయకు యొవెమ్. అసలు పోలికే లేదు. ఇద్దరు దేవుళ్ల పేర్లను ఒకరికి అంటగట్టారా? ఇంకో సందేహం. రోమన్ కవి హొరేస్ పద్యం ఒకదానిలో వేటగాడు రాత్రంతా ‘చల్లని జూపిటర్ కింద’ ఉండిపోయాడట. అంటే విగ్రహం కిందనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విగ్రహం కింద కాదండీ, ఆరుబయట, ఆకాశం కింద. మీ రెండు సందేహాలకూ మూలం ఒకటే కాబట్టి కలిపి చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి. యుప్పితెర్‌లో అసలు పేరు ‘యూ’ ఒక్కటే. ‘పితెర్’ అంటే తండ్రి. విడిగా ‘పతెర్’ అనే మాటే సమాసంలో పడి ‘పితెర్’ అయింది. యొవిస్, యొవెమ్, యొవె అన్న రూపాల్లో ‘తండ్రి’ లేదు, పేరు మాత్రమే ఉంది. ఆ ‘యూ’, ఈ ‘యొవ్’ ఒకే ధాతువు. పాత శాసనాల్లో ఈ పేరు ముందు ‘ద’కారం కూడా కనిపిస్తుంది, ‘దియొవిస్’ అన్నట్టుగా. ఆ ద్య-తో మొదలయ్యే పేరు మనకు కొత్తది కాదు. సంస్కృతంలో ద్యౌః అంటే ఆకాశం. ఋగ్వేదంలో ద్యౌష్పితా అంటే ఆకాశమనే తండ్రి. గ్రీకుల ప్రధాన దేవుడు జెయుస్ పేరు కూడా ఇదే. ముగ్గురిదీ ఒకే ఇంటి పేరు.

విభక్తుల్లో రూపం మారిపోవడం కూడా ఆ ఇంటి లక్షణమే. సంస్కృతంలో ప్రథమ ద్యౌః, షష్ఠి దివః. గ్రీకులో జెయుస్, దియొస్. లాటిన్‌లో యుప్పితెర్, యొవిస్. శబ్దమంజరి వల్లె వేసినవారికి లాటిన్ పట్టిక చూసి కంగారు పుట్టదు.

ఇక అసలు విశేషం. యుప్పితెర్ అన్నది పుట్టుకతో ప్రథమా విభక్తి కాదు, సంబోధన. ‘ఓ ఆకాశమా, తండ్రీ’ అని పిలిచే పిలుపు. ఋగ్వేదం ఆరో మండలం 51వ సూక్తంలో ఒక మంత్రం ‘ద్యౌష్పితః పృథివి మాతః’ అని మొదలవుతుంది. ఆకాశాన్ని తండ్రీ అని, భూమిని తల్లీ అని, ఆ వెంటనే అగ్నిని అన్నదమ్ముడా అని పిలుస్తాడు ఋషి. హోమర్ కావ్యాల్లో వీరులు చేతులెత్తి ‘జెయు పతెర్’ అంటారు. రోము వాళ్లు కూడా అలాగే పిలిచారు. యజ్ఞంలో, ప్రమాణంలో, పిడుగు పడినప్పుడు పిలిచీ పిలిచీ, ఆ పిలుపే పేరుగా నిలిచిపోయింది. దీనికి ప్రథమా రూపం ఉండేది, పూర్తిగా పోలేదు కూడా: ‘దియేస్పితెర్’ అని ప్లౌతుస్ నాటకాల్లో, హొరేస్ పద్యాల్లో దొరుకుతుంది. రోజువారీ వాడుకలో మాత్రం పిలుపే గెలిచింది.

మన భాషలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. సంస్కృతంలో ‘దివి’ అంటేనే ‘ఆకాశంలో’, ‘భువి’ అంటేనే ‘భూమిపై’ అని సప్తమ్యర్థం. తెలుగులో ఆ రూపాలనే నామాలుగా తీసుకుని, వాటికి మళ్లీ మన ప్రత్యయాలు చేర్చి ‘దివిలో’, ‘దివి నుండి భువికి’ అంటున్నాం. అక్కడ సంబోధన పేరైంది, ఇక్కడ సప్తమి పేరైంది. ధాతువు కూడా అదే కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఉచ్చారణ గురించి ఒక మాట. యూపితెర్ అని దీర్ఘంతో, యుప్పితెర్ అని ద్విత్వంతో, రెండు విధాలా రాశారు. పద్యం నడకకు తేడా రాదు. దీర్ఘమైనా, ద్విత్వానికి ముందున్న హ్రస్వమైనా గురువే, మన ఛందస్సులో లాగే. యొవిస్‌లో మొదటి అచ్చు హ్రస్వ ఒకారం. మన లిపిలో దాన్ని ఉన్నదున్నట్టు రాయవచ్చు. ‘జ’ తర్వాతి యూరప్ భాషల్లో వచ్చింది, రోములో లేదు.

ఇప్పుడు మీ వేటగాడు. హొరేస్ గేయాల మొదటి సంపుటిలో తొలి పద్యం అది: ‘మనెత్ సుబ్ యొవె ఫ్రీగిదో వేనాతొర్’. లేత వయసు భార్యను కూడా మరిచి, వేటగాడు చలి ఆకాశం కింద ఉండిపోతాడు. ‘సుబ్ యొవె’ అంటే ఆరుబయట. హొరేసే ఇంకోచోట అదే అర్థంలో ‘సుబ్ దీవో’ అంటాడు, అదీ ఈ ధాతువే. అంతకు ఎంతో ముందు కవి ఎన్నియుస్ ఇంకా సూటిగా చెప్పాడు: ‘పైన వెలుగుతున్న దీన్ని చూడు, అందరూ యొవెమ్ అని పిలిచేది దీన్నే’. రోమన్ వక్త సిసెరో దేవతల స్వభావంపై రాసిన గ్రంథంలో ఈ పాదాన్ని ఉదాహరించాడు. విచిత్రమేమిటంటే, ఇంత చక్కటి ఆధారం చేతిలో ఉంచుకుని అదే గ్రంథంలో ఒక పాత్ర చేత ఈ పేరుకు ‘ఆదుకునే తండ్రి’ అనే వ్యుత్పత్తి చెప్పించాడు. అది నిలవదు. రోమన్ పండితుడు వార్రో మాత్రం దియేస్పితెర్‌ను ‘దియేస్’తో, అంటే పగలుతో కలిపాడు. దారి సరైనదే.

వాతావరణం అన్న అర్థంలో నాకు బాగా నచ్చేది రోమన్ కవి వర్జిల్ వ్యవసాయ కావ్యం రెండో భాగంలోని పాదం. ద్రాక్షతోటలో తవ్వకాలు, కొమ్మల కత్తిరింపులు అన్నీ అయ్యాయి. పని ముగిసిందని పాటలు పాడుకుంటున్నారు. అప్పుడంటాడు: ‘ఎత్ యమ్ మాతూరీస్ మెతువెందుస్ యుప్పితెర్ ఊవీస్’. గుత్తులు పండాక కూడా యుప్పితెర్‌కు భయపడాల్సిందే. దేవుడి కోపం అనుకోవచ్చు, వడగండ్ల వాన అనుకోవచ్చు. పాదంలో రెండూ విడదీయరానంతగా కలిసి ఉన్నాయి. పంట కోతకొచ్చాక మబ్బు పడితే రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

చట్టంలోకీ వచ్చింది ఈ మాట. ‘యొవె తొనంతె’, అంటే యుప్పితెర్ ఉరుముతుండగా, ప్రజాసభ జరపడం నిషిద్ధం అన్న శకునశాస్త్ర నియమాన్ని సిసెరో చెబుతాడు. వ్యాకరణం తెలిసినవారికి ఇది మన సతిసప్తమి వంటి ప్రయోగం, సప్తమికి బదులు పంచమి, అంతే. సంస్కృతంలో ‘దేవే వర్షతి’ అంటే వాన కురుస్తుండగా అని కదా, అక్కడా కురిసేది దేవుడే. ఈ నియమం రాజకీయానికీ పనికొచ్చింది. క్రీ.పూ. 59లో కాన్సుల్ (రోములో ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అధిపతుల్లో ఒకరు) బిబులుస్ ఇంట్లో కూర్చుని ఆకాశంలో శకునాలు చూస్తున్నానని ప్రకటిస్తూ, తోటి కాన్సుల్ సీజర్ తెచ్చిన చట్టాలు చెల్లవని వాదించాడు. సీజర్ లెక్కచేయలేదు.

మరో వాడుక: ‘అధిపతి’ అన్న అర్థం. వర్జిల్ మహాకావ్యం ఈనియడ్ నాలుగో సర్గలో కార్తేజ్ రాణి దిదో ‘స్తిగియుస్ యుప్పితెర్’కు పూజ చేస్తానంటుంది. అది పాతాళపు రాజు ప్లూటో. మనం మృగేంద్రుడు, గజేంద్రుడు అన్నప్పుడు ఇంద్రుడి పేరు చేసే పనే ఇక్కడ యుప్పితెర్ చేస్తున్నాడు. ఇక ప్లౌతుస్, తెరెన్స్ హాస్యనాటకాల్లో ‘ప్రో యుప్పితెర్!’ అని మాటమాటకీ వస్తుంది, మన ‘శివశివా’ వరసలో.

‘యుప్పితెర్‌కు చెల్లింది ఎద్దుకు చెల్లదు’ అన్న సామెత (క్వొద్ లికెత్ యొవీ, నోన్ లికెత్ బొవీ) చాలామంది ప్రాచీన రోమన్లది అనుకుంటారు. ఆ కాలపు రచనల్లో అది లేదు, తర్వాతి లాటిన్‌ది. యొవీ, బొవీ ప్రాస కోసం కట్టింది. మనకు ‘అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ’ ఉండగా అది అరువు తెచ్చుకోనక్కర్లేదు.

వ్యాఖ్య: బాగా చెప్పారు మాస్టారూ. గురువారానికీ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా? మా వైపు బేస్తవారం అంటాం.

జవాబు: ఉందండీ. లాటిన్‌లో గురువారం ‘దియేస్ యొవిస్’, యుప్పితెర్ గ్రహానికి చెందిన రోజు. అదే ఇటాలియన్‌లో జొవెదీ, స్పానిష్‌లో హువేవెస్, రొమేనియన్‌లో జోయ్‌గా అరిగింది. మనకు అదే గ్రహం బృహస్పతి. బృహస్పతివారం నలిగి మీ బేస్తవారం అయింది, తెలంగాణలో బేస్తారం కూడా. ఉత్తరాంధ్రలో లక్ష్మీవారం అంటారు కానీ దానికి గ్రహంతో పని లేదు. యుప్పితెర్ గ్రహబలంతో పుట్టినవాడు ఉల్లాసంగా ఉంటాడన్న నమ్మకం నుంచే ఇంగ్లీషు ‘జోవియల్’ వచ్చింది. మన జ్యోతిషంలోనూ గురువు శుభగ్రహమే. అన్నట్టు, అక్రోటు చెట్టు శాస్త్రీయ నామం జుగ్లాన్స్ రేగియా. జుగ్లాన్స్ అంటే ‘యొవిస్ గ్లాన్స్’, యుప్పితెర్ కాయ. ఈ వ్యుత్పత్తి వార్రో కాలానికే తెలుసు.

వ్యాఖ్య: మరి ఆయన భార్య జూనో? ఆ ‘జూ’ కూడా ఇదేనా?

జవాబు: వినడానికి అలాగే ఉంటుంది కానీ కాదండీ. యూనో పేరును ఎక్కువమంది ‘యువెనిస్’తో, అంటే మన ‘యువన్’ శబ్దంతో కలుపుతారు. నిండు యవ్వనంలో ఉన్నదని. ఇంకో చక్కటి వాడుక ఉంది: ప్రతి మగవాడికీ తోడుండే రక్షక దేవతను ‘గెనియుస్’ అన్నట్టే, ప్రతి ఆడమనిషికీ ఉండే దేవతను ‘యూనో’ అన్నారు. కాబట్టి ‘నా యూనో మీద ఒట్టు’ అని లాటిన్‌లో ఒక స్త్రీ అంటే, అది యుప్పితెర్ భార్య కాదు, ఆమె సొంత దేవత.