సమస్య: గోడ లేనట్టి యింటికే గొప్ప రక్ష

నెల్లూరు నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పద్యానికి చివరి పాదం. పై మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి.

గోడ లేనట్టి యింటికే గొప్ప రక్ష

మా వీధిలో ఒకాయన ఇంటికి ముగ్గు పోయకముందే ప్రహరీ లేపుతున్నారు. నైరుతి మూల మొదలుపెట్టి, దక్షిణం, పడమర గోడలు ముందు కట్టారు. అక్కడ నిలబడి చూస్తుంటే ఈ పాదం తట్టింది. పాత వాస్తు గ్రంథం మానసారం ప్రాకారాలకు, అంటే ప్రహరీలకు, ఒక అధ్యాయమే కేటాయించింది. మన మేస్త్రీలకు మాత్రం ఇది తాతల నుంచి చేతికి వచ్చిన విద్య. గోడ లేకుంటే రక్ష ఎలా అన్న ముడిని మీరే విప్పాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జోడీ అక్షరం) తప్పినా, వాస్తు తప్పినా నేను ఒకేలా ఎంచుతాను.

కందుకూరు మాస్టారు:
పడమటను దక్షిణమునను పట్టుగాను
పెరుగ, తూర్పు నుత్తరముల బిగువుతోడ
వెలుగు గాలుల నాపుచు వెలసియున్న
గోడ లేనట్టి యింటికే గొప్ప రక్ష

నెల్లూరు నిర్వాహకుడు:
మాస్టారూ, ముడి ఇలా విప్పాలి! సమస్యలో ఒక్క అక్షరం మార్చే వీల్లేదు. కానీ ఏ గోడ లేదో మూడో పాదం చెప్పేసరికి, విపరీతంగా వినిపించిన మాట శాస్త్రమైంది. ‘పెరుగ – బిగువు’ యతి చక్కగా పడింది. ‘పట్టుగాను’ ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది. అయినా దక్షిణ పశ్చిమాలు ఎత్తుతో పాటు మందంగానూ ఉండాలి కాబట్టి ఒప్పుకుంటాను.

కందుకూరు మాస్టారు:
ధన్యవాదాలండీ. నేను పుస్తకం చూసి రాయలేదు. ఎండాకాలం మధ్యాహ్నం పడమటి వడగాలి మొహం మాడుస్తుంది. సాయంత్రానికి తూర్పునుంచి సముద్రపు గాలి దిగితేనే మంచం వాకిట్లో వేస్తాం. పడమట ఎత్తు, తూర్పున తక్కువ అన్న మాట మా ఊళ్లో ఒంటికే తెలుస్తుంది.

కావలి మిత్రుడు:
వానకాలము నీరెల్ల వాకిలందె
నిలువ, నీశాన్యమున తూము నిలుపనట్టి,
నేల నానంగ నొరిగెడి నీచమైన
గోడ లేనట్టి యింటికే గొప్ప రక్ష

1989 నవంబరు తుపాను మా కావలి దగ్గరే తీరం దాటింది. అప్పుడు నాకు పదేళ్లు. మా తూర్పు గోడ గాలికి నిలబడింది. లోపల నిలిచిన నీటికి పడిపోయింది. తూము లేదు. నీళ్లు ఎటు పోతాయి?

నెల్లూరు నిర్వాహకుడు:
తమ్ముడూ, చదువుతుంటే ఆ నీళ్లు కళ్లకు కట్టాయి. స్థలం ఈశాన్యానికి వాలుగా ఉండాలి, నీరు అటే బయటికి పోవాలి. ఎంత గట్టి గోడైనా ఈ దారి మూస్తే కష్టమే. ఒక్క మాట మార్చుకో. వాస్తులో నీచం (చెడు), ఉచ్చం (మంచి) అనేవి స్థానాలకు చెప్తారు. గోడను నీచమైనది అంటే తిట్టినట్టుంది. ‘నేల నానంగ నొరిగెడి నిలుకడ చెడు’ అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ నిలుస్తుంది.

పొదిలి విద్యార్థి:
గురువుగారూ, నాది మూడో పాదం ఒక్కటే కుదిరింది. ఇది సరేనా?
తూర్పు నీశాన్యమున గేటు తోడ నున్న

నెల్లూరు నిర్వాహకుడు:
గణాలు (గురులఘువుల గుంపులు), యతి అన్నీ సరిపోయాయి నాయనా. కానీ దీని కింద సమస్యను పెట్టి చదువు. ఈశాన్యం వైపు గేటున్న గోడ లేని ఇంటికి రక్ష అని వస్తుంది. తూర్పు గేటుకు ఈశాన్యం వైపే ఉచ్చస్థానం, ఆగ్నేయం వైపు నీచం. ‘తూర్పు నాగ్నేయమున’ అను. ఈశాన్య, ఆగ్నేయ రెండూ ఇక్కడ తగణాలే (రెండు గురువులు, ఒక లఘువు). ఛందస్సు కదలదు, శాస్త్రం నిలబడుతుంది. మిగతా రెండు పాదాలూ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఒంగోలు అక్కయ్య:
అన్నదమ్ములు పంచుకొన్నట్టి దొడ్డి
పాలు వేరైన, మనసులఁ బంచుకొనక
కలిసి మెలగుచు నుండగా, కక్ష యనెడు
గోడ లేనట్టి యింటికే గొప్ప రక్ష

నెల్లూరు నిర్వాహకుడు:
భావం మనసుకు తాకింది అక్కయ్యా. మొదటి పాదంలో మాత్రం యతి పోయింది. యతి పడాల్సిన నాలుగో గణం ‘న్నట్టి’తో మొదలవుతోంది, ‘అ’కు అది చెల్లదు.

కందుకూరు మాస్టారు:
ఈ పద్యం వెనక పెద్ద చిక్కుంది. ఇద్దరి మధ్య ఒకే గోడ కడితే, తూర్పు వాటా వాళ్లకు అది పడమటి గోడ, ఎత్తుగా ఉండాలి. పడమటి వాటా వాళ్లకు అదే తూర్పు గోడ, తగ్గాలి. ఎవరి మాట నెగ్గాలి? అందుకే ఎవరి స్థలంలో వాళ్లు వేరే గోడ కట్టుకొమ్మంటారు. మూడడుగులు సందు వదలమంటే ఎన్ని కుటుంబాల్లో తగవు లేస్తుందో చూశాను.

ఒంగోలు అక్కయ్య:
మా పుట్టింట్లో జరిగింది అదే మాస్టారూ. సందు కోసం మాటలు పెరిగి నాలుగేళ్లు రాకపోకలు లేవు. చివరికి చిన్నన్నయ్యే వచ్చి ఆ గోడ వద్దన్నాడు. బయటి ప్రహరీ చుట్టూ ఉంది, లోపల వాకిలి ఒకటే. ఆ రోజు అనుకున్న మాటే పద్యమైంది. యతి సవరించాను, చూడండి.

అన్నదమ్ములు తమ దొడ్డి నర్ధముగను
పంచుకొన్నను మనసులఁ బంచుకొనక
కలిసి మెలగుచు నుండగా, కక్ష యనెడు
గోడ లేనట్టి యింటికే గొప్ప రక్ష

నెల్లూరు నిర్వాహకుడు:
‘పంచుకొన్నను – బంచుకొనక.’ యతి కోసం చేసిన సవరణ పద్యానికే ప్రాణమైంది అక్కయ్యా. ఈ వారం నేను దాచుకునే పద్యం ఇదే.