వరుస హరికేన్లు అధికారులకు పాఠం నేర్పాయా, లేక పోయినసారి తుపానుకే సిద్ధమవుతున్నారా?

రాత్రిడ్యూటీ:
అమెరికాలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) విపత్తు నిర్వహణ నా ఉద్యోగం. "ఎన్ని తుపాన్లొచ్చినా వీళ్లకు బుద్ధి రాదు" అని మొన్న ఇక్కడొకరు రాశారు. నేనొప్పుకోను. 2005లో రీటా హరికేన్ వస్తోందంటే టెక్సస్‌లో హ్యూస్టన్ చుట్టుపక్కల పాతిక లక్షలకు పైగా జనం ఒక్కసారిగా రోడ్డెక్కారు. అందులో నీళ్ల ముప్పు లేనివాళ్లే బోలెడుమంది. తర్వాత జిప్ కోడ్ల (మన పిన్ కోడ్ లాంటివి) వారీగా జోన్లు గీశారు. 2008లో ఐక్ వచ్చినప్పుడు తీరం జోన్లనే ఖాళీ చేయించి, మిగతావాళ్లను ఇళ్లలోనే ఉండమన్నారు. కత్రినాలో పెంపుడు కుక్కల్ని వదలలేక ఎందరో ఉండిపోయారు. 2006లో జంతువులకూ ప్రణాళిక ఉండాలని చట్టమొచ్చింది. ఇది నేర్చుకోవడం కాదా?

చిన్నకెరటం:
2004లోనే 'హరికేన్ పామ్' అని ఊహా తుపానుతో న్యూ ఆర్లియన్స్ మునిగితే ఏం చేయాలో కసరత్తు చేశారు. మరుసటి ఏడాది కత్రినాకు నగరంలో 80 శాతం మునిగింది. తెలియక జరిగింది కాదుగా!

బేయూపక్కిల్లు:
రీటాకి మేమూ బయల్దేరాం. గ్యాస్ (పెట్రోల్) అయిపోతుందని కారులో ఏసీ ఆపేశాం. మా మామగారు షుగరు మనిషి, ఆ ఎండకు సొమ్మసిల్లిపోయారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. పక్కన ఎదురు లేన్లు ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని తెరవడానికి అంతసేపు ఎందుకు పట్టింది? ముందు అది చెప్పండి.

రాత్రిడ్యూటీ:
అక్కా, లేన్లు తిప్పడమంటే, అంటే ఊళ్లోకొచ్చే లేన్లనూ బయటికి పోయేవాళ్లకే ఇవ్వాలంటే, హైవే ఎక్కే ప్రతి ర్యాంపు మూయాలి, ప్రతిచోటా పోలీసులుండాలి, ఎదురొచ్చే బండ్లన్నీ ఖాళీ అవ్వాలి. ముందే ప్లాన్ లేకపోతే గంటల పని. రీటా తర్వాతే టెక్సస్‌లో ఆ ప్లాన్లు గట్టిపడ్డాయి.

బేయూపక్కిల్లు:
1999లో ఫ్లాయిడ్‌కి జార్జియాలో ఐ-16 హైవే మీద లేన్లు తిప్పారు. ఆరేళ్ల ముందు వేరే రాష్ట్రం చేసిన పని మనకెందుకు రాలేదు? నేనడిగింది ర్యాంపుల గురించి కాదు.

ఒంటరిదీవి:
హార్వీకి హ్యూస్టన్‌ను ఖాళీ చేయమనలేదు, వాన ముంచేసింది. పొమ్మంటే తప్పు, ఉండమంటే తప్పు.

రాత్రిడ్యూటీ:
హార్వీది వాన వరద. ఏ వీధి మునుగుతుందో ముందే తెలియదు. జనం కార్లలో ఉండగా రోడ్లు మునిగితే ఇంకా ఘోరం. అక్కా, మీరు ఆ లేన్ల దగ్గరే ఆగిపోయారు. 2022లో ఇయాన్ చూడండి. ఫ్లోరిడా లీ కౌంటీలో ఖాళీ చేయమన్న ఆర్డర్ వచ్చింది తీరం తాకే ముందురోజు పొద్దున. ఎంతమంది సముద్రపు నీళ్లలో పోయారు! అనవసరంగా ఒకసారి కదిలించినా ఫర్వాలేదు, మునగనివ్వడం కంటే నయం.

బేయూపక్కిల్లు:
ఫర్వాలేదా? ఆ మాట మీరెలా అంటారు? రీటాలో తుపాను తాకిడికి పోయినవాళ్లకంటే తరలింపులో పోయినవాళ్లే ఎక్కువ. డాలస్ దగ్గర బస్సుకి మంటలంటుకుని 23 మంది నర్సింగ్ హోమ్ పెద్దవాళ్లు పోయారు. నీళ్లలో పోతే మీ ఖాతా, రోడ్డు మీద పోతే మా ఖర్మానా?

చిన్నకెరటం:
అసలు గొడవ ఇక్కడుంది. లేన్ల గురించి కాదు.

రాత్రిడ్యూటీ:
ఖర్మ అని నేననలేదు. ఆర్డర్ ఇచ్చేది కౌంటీ జడ్జి (టెక్సస్‌లో కౌంటీ పాలన చూసే పెద్ద), మేయర్. మేం సలహా చెబుతాం. రోడ్డు మీద పోయినవాళ్లూ మా లెక్కలోనే ఉంటారు కాబట్టే జోన్లు చిన్నవి చేశాం. 2017లో ఇర్మా అప్పుడు ఫ్లోరిడాలోని హాలీవుడ్ అనే ఊళ్లో ఏసీ ఆగిన నర్సింగ్ హోమ్‌లో 12 మంది పోయారు. మరుసటి ఏడాది ఫ్లోరిడాలో నర్సింగ్ హోముల్లో జనరేటర్లు తప్పనిసరి చేశారు. కదిలించకుండానే కాపాడే దారి కూడా వెతుకుతున్నాం. కానీ ఉప్పెన జోన్‌లో ఇల్లుంటే ఎన్ని జనరేటర్లున్నా కదలాల్సిందే. ఇందులో నేను తగ్గను.

బేయూపక్కిల్లు:
కదులుతాం. మరి ఏ ఎగ్జిట్ దగ్గర గ్యాస్ ట్యాంకరుంటుందో, నీళ్లెక్కడిస్తారో, అంబులెన్సు ఎక్కడుంటుందో ఆర్డర్‌తో పాటే చెప్పండి. ఇప్పుడు మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆ వివరాలు చేతికి రానిదే ఆవిడను కారెక్కించను.