నడుముకి 32, తొడలకి 34: చినోస్ (క్యాజువల్ కాటన్ ప్యాంట్లు) రెడీమేడ్ కొనాలా, కుట్టించుకోవాలా?

తొడలతిప్పలు
రెండేళ్లు జిమ్‌లో స్క్వాట్లు కొట్టినందుకు దక్కిన ఫలితం ఇదీ. నడుము 32, తొడ చుట్టుకొలత ఇరవై నాలుగున్నర అంగుళాలు. 32 సైజు స్లిమ్ ఫిట్ మోకాలు దాటి పైకి రాదు, బలవంతంగా ఎక్కిస్తే జేబులు ఏనుగు చెవుల్లా విచ్చుకుంటాయి. 34 అయితే తొడలకి హాయి, వెనకాల నడుము దగ్గర మాత్రం పిడికిలి దూరేంత ఖాళీ, బెల్టు బిగిస్తే గోనెసంచి మూతి కట్టినట్టు కుచ్చులు. సగంమంది ఫ్రెండ్స్ టైలర్ దగ్గరికి పొమ్మంటున్నారు, మిగతావాళ్లు ఈ కాలంలో ప్యాంటు కుట్టించుకునేదెవడ్రా అంటున్నారు. మీరేమంటారు?

బస్తీబాబు
టైలరే, ఇంక చర్చ ఎందుకు? 58 అంగుళాల పన్నా గుడ్డ మీటరుంపావు తీసుకుంటే ప్యాంటు అయిపోతుంది. కంపెనీవాడు ఎవడో ఒకడి ఒంటి కొలతతో వేల ప్యాంట్లు కుట్టి పడేస్తే అందులో మనం దూరాలా?

సగంకుట్టు
అంత సులువు కాదు బ్రో. నేను మా వీధి టైలర్‌కి మంచి కాటన్ ట్విల్ గుడ్డ ఇచ్చి చినోస్ కుట్టమంటే, పెళ్లిచూపులకి వేసుకునే ఫార్మల్ ప్యాంటు కుట్టి చేతిలో పెట్టాడు. నాలుగుసార్లు తిరిగాను. గుడ్డ తడపకుండా కోసేశాడేమో, మొదటి ఉతుకుకే చీలమండలు బయటపడ్డాయి. అప్పట్నుంచి నాది ఒకటే లెక్క: ఒంట్లో ఏ భాగం లావో దానికి సరిపోయే రెడీమేడ్ కొను, మిగతాది ఆల్టరేషన్ చేయించు.

మిషన్‌వెనకాల
మా నాన్న టైలర్, నేను చిన్నప్పట్నుంచి కాజాలు కుడుతూ పెరిగినవాణ్ని, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. నడుము తగ్గించడం తేలిక, వెనక నడి కుట్టు విప్పి అంగుళం, అంగుళంన్నర లాగొచ్చు, అంతకు మించితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి కబుర్లు చెప్పుకుంటాయి. కాళ్లు సన్నం చేయొచ్చు, పొడవు తగ్గించొచ్చు. తొడ దగ్గర వదులు చేయాలంటే మాత్రం లోపల మార్జిన్, అంటే కుట్టు పక్కన మిగులు గుడ్డ ఉండాలి, రెడీమేడ్‌లో అది ఉండేది తక్కువ. ఇక రైజ్, అంటే గజ్జల దగ్గరి కుట్టు నుంచి నడుం పట్టీ దాకా ఉండే ఎత్తు, అది పెంచడం ఎవడివల్లా కాదు. షాపులో అందరూ నడుము నంబరు చూస్తారు గానీ ట్యాగ్ మీద 34 ఉన్నదానికి టేపు పెడితే 35 దాటడం నేనే చూశాను. ట్రయల్ రూమ్‌లో నిలబడి చూసుకుని వచ్చేయకండి, స్టూలు మీద కూర్చోండి. గజ్జల దగ్గర విసనకర్రలా ముడతలు లేస్తే అక్కడ బిగుతు. సీటు కింద గుడ్డ నిలువుగా వేలాడితే మీ సీటు కంటే ప్యాంటు పెద్దది.

పొట్టరాయుడు
అందరూ తొడల గురించే. మా సంగతేంటి? పొట్ట 40, కాళ్లు అగ్గిపుల్లలు. పొట్ట కింద కట్టుకుంటే గంటకోసారి పైకి లాక్కోవాలి, పైన కట్టుకుంటే మా తాతయ్యలా ఉన్నానని మా ఆవిడ నవ్వుతుంది.

మిషన్‌వెనకాల
తాతయ్యగారే కరెక్టు సార్. రైజ్ ఎక్కువున్నది తీసుకుని బొడ్డు దగ్గర కట్టండి, చొక్కా బయటికి వదిలేస్తే ఎవరికీ కనిపించదు. బాటమ్, అంటే కాలి చివర వెడల్పు, మరీ సన్నం చేయించొద్దు, బొంగరంలా కనిపిస్తారు.

బస్తీబాబు
చూశారా, అన్నిటికీ చివరికి మిషనే కావాల్సొచ్చింది 😄

సగంకుట్టు
ఆల్టరేషన్‌కి మిషన్ కావాలన్నాను, అసలు వద్దనలేదు కదా గురూ. మొత్తం కుట్టించడం వేరు, ఒక కుట్టు లాగించడం వేరు. పైగా రెండు శాతం ఎలాస్టేన్ కలిసిన సాగే గుడ్డ మన టైలర్లలో చాలామంది సరిగ్గా కుట్టలేరు, దారం పటపటా తెగుతుంది.

మిషన్‌వెనకాల
అది ఒప్పుకుంటాను. కానీ సాగే గుడ్డతోనే అన్నీ సర్దుకుంటాయనుకోవద్దు, కొన్నాళ్లకి మోకాళ్ల దగ్గర సంచుల్లా ఉబ్బుతుంది. లావు తొడలకి నన్నడిగితే ముందువైపు ఒక్క ప్లీట్, అంటే నడుం పట్టీ కింద ఒక మడత, పెట్టించుకోవాలి. నిలబడితే మూసుకుంటుంది, కూర్చుంటే తెరుచుకుంటుంది. తొంభైల్లో మన నాన్నలు వేసుకున్నవి చూసి నవ్వాం గానీ, మళ్లీ షాపుల నిండా అవేగా.

తొడలతిప్పలు
అన్నా, అప్‌డేట్. నిన్న 34 స్ట్రెయిట్ ఫిట్ ఒకటి తీసుకుని మా గల్లీ ఆల్టరేషన్ తాతకిచ్చాను, నడుము అంగుళంన్నర తగ్గించాడు, బాటమ్ ఏడున్నర అంగుళాలకి తెచ్చాడు, పావుగంట పని. ఇవాళ ఆఫీసులో కూర్చుంటే జేబులు చెవులెత్తలేదు. ప్లీట్ ప్యాంటు కోసం ఒక గుడ్డ కూడా కొన్నాను, బాత్‌రూమ్ బకెట్లో నానుతోంది, రాత్రంతా ఉంచితే చాలా?

మిషన్‌వెనకాల
చాలు. పిండకుండా నీడలో ఆరెయ్, ఇస్త్రీ చేసి ఇవ్వు.