మోకులు కట్టిన ఇంజన్: బోయర్ యుద్ధంలో కవచ రైళ్లు

బొమ్మరైలు_రాజమండ్రి:
దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకీ, బోయర్లకీ (అక్కడ స్థిరపడిన డచ్ సంతతివాళ్లు) జరిగిన బోయర్ యుద్ధం (1899–1902) నాటి ఒక ఇంజన్‌కి నమూనా చేస్తున్నాను. అక్కడి నేటాల్ ప్రాంతంలో తిరిగిన ఆ బ్రిటిష్ ఇంజన్‌కి పైనుంచి కిందదాకా ఓడల్లో వాడే లావు మోకులు వేలాడదీశారు. సైనికులు దాన్ని ‘హెయిరీ మేరీ’ (వెంట్రుకల మేరీ) అనేవాళ్లు. తాళ్లతో తూటాలు ఆగుతాయా? షెడ్‌లో పనిచేసినవాళ్లు చెప్పండి.

పాత_ఫిట్టర్:
ఆవిరి ఇంజన్ల మీద ఇరవై ఏళ్లు పనిచేశాను. ఆవిరి గొట్టానికి చిల్లు పడితే డ్రైవర్, ఫైర్‌మన్ అక్కడికక్కడే ఉడికిపోతారు. ఒకసారి కీలు దగ్గర లీకై నా మోచేయి కాలింది, మచ్చ ఇంకా ఉంది. వరసలుగా వేలాడే మోకు తూటా వేగాన్ని మింగేస్తుంది. పైగా ఇనుప రేకు బిగిస్తే చక్రాలను తిప్పే రాడ్లకు నూనె పోయడానికి చెయ్యి దూరదు. మోకైతే పక్కకి జరుపుకోవచ్చు. ఆ ఆలోచన చేసినవాడికి ఇంజన్ పని బాగా తెలుసు.

చరిత్ర_మాస్టారు:
అంతకుముందే 1882లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ ఫిషర్ మామూలు వ్యాగన్లకు ఇనుప రేకులు, ఇసుక బస్తాలు పెట్టి, గ్యాట్లింగ్ తుపాకులు (పిడి తిప్పుతూ వరసగా కాల్చేవి) ఎక్కించాడు. చేతికందిన సామానే కవచం.

డర్బన్_తెలుగు:
నేటాల్‌లో ఫ్రేర్, చీవ్లీ స్టేషన్ల మధ్య ఒక కవచ రైలు మీద దాడి జరిగిన చోటు చూశాను. 1899 నవంబర్ 15న ఎస్ట్‌కోర్ట్ నుంచి వెళ్లిన బ్రిటిష్ కవచ రైలు తిరిగొస్తుంటే బోయర్లు పట్టాల మీద రాళ్లు పెట్టారు. ముందున్న వ్యాగన్లు పట్టాలు తప్పాయి. ఫిరంగి గుళ్ల మధ్యే అడ్డం తొలగించుకుని ఇంజన్ గాయపడినవాళ్లతో బయటపడింది. విలేకరిగా వెళ్లిన చర్చిల్ (తర్వాత బ్రిటన్ ప్రధాని అయినాయన) పట్టుబడ్డాడు. గోడలు ఎంత మందమైనా పట్టా పట్టానే కదా! అక్కడ నిలబడితే ఎక్కువసేపు మాట రాలేదు. ఆ డిసెంబర్‌లోనే, దగ్గర్లోని కొలెన్సోలో గాంధీ అంబులెన్స్ దళం క్షతగాత్రులను మోసింది. దాదాపు 1100 మందిలో ఎక్కువమంది ఒప్పంద కూలీలే. మా ముత్తాతలూ విశాఖ నుంచి అలా కూలీలుగా నేటాల్ వచ్చినవాళ్లే.

బొమ్మరైలు_రాజమండ్రి:
మాస్టారూ, ఫిట్టర్ గారూ, డర్బన్ అన్నా, చాలా థాంక్స్. ఇప్పటిదాకా మోకుల్ని ఇంజన్‌కి అతికిద్దామనుకున్నాను. ఇక జనపనార పురితాడు వేలాడదీసి, పక్కకి జరిగేలా చేస్తాను. ఫిట్టర్ గారూ, నూనె పోసే చోట్లు ఎక్కడెక్కడ ఉంటాయో కాస్త గీసి పెడతారా?