హాస్టల్లో ఉన్న అమ్మాయి ఫోన్‌లో సరిగ్గా మాట్లాడట్లేదు

ప్రశ్న: మా పాప విజయవాడలో ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఆదివారం ఫోన్ చేస్తే "ఏం లేదమ్మా" అంటుంది, గొంతు మాత్రం పూడుకుపోయి ఉంటుంది. ర్యాంకు తగ్గిందని సెక్షన్ మార్చారట. మా ఆయనేమో "అలవాటవుతుందిలే" అంటారు. నాకేమో టెన్షన్.

జవాబు: ర్యాంకు ఊసెత్తకండి. నిద్ర పడుతోందా, ఎవరితో కలిసి తింటోంది, అవి అడగండి.

జవాబు: వెళ్లి చూడండి మేడమ్. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన రాదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. కొట్టడం, ఒంటి మీద చెయ్యి వేయడం లాంటివైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

జవాబు: వార్డెన్ ముందు మాట్లాడించకండి. బయటికి టిఫిన్‌కి తీసుకెళ్లండి.

ప్రశ్న వేసినావిడ: రేపు పొద్దున బస్సుకే వెళ్తున్నా. ఆయన్నీ రమ్మన్నాను.