సదరం (వైకల్య శాతం తేల్చే) పునఃపరీక్షలో 52 శాతం కాస్తా 38 అయింది. అప్పీలు చేసినవాళ్లు చెప్పండి

గోపాలపట్నం తమ్ముడు
మా అక్క పింఛను గురించి అడుగుతున్నాను. ఆమెకు 43 ఏళ్లు. రెండో ఏట పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. పాత సదరం ధ్రువపత్రంలో 52 శాతం, శాశ్వత వైకల్యం అని స్పష్టంగా ఉంది. పునఃపరీక్షకు పిలిస్తే వెళ్లాం. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా వరుసలో కూర్చుంటే, లోపల పని నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఈ గోడ నుంచి ఆ గోడకు నడవమన్నారు, నడిచింది. ఇప్పుడు 38 శాతం అని నోటీసు చేతిలో పెట్టారు. 40 లేదు కాబట్టి నెలనెలా వచ్చే 6,000 రూపాయలకు అర్హత లేదట.

మా ఇల్లు కొండవాలులో ఉంది. రోడ్డు నుంచి 71 మెట్లు. ఆ గది నేల మీద నడిచినంత మాత్రాన ఆ మెట్లు ఎక్కగలదని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. చిన్నప్పుడు పుల్ల గుచ్చుకుని కుడికన్ను పోయింది, మిగిలిన కంటితోనే జాకెట్లు కుడుతుంది. పింఛను ఆగితే ఆ కుట్టుకూలి ఒక్కటే దిక్కు.

అప్పీలు ఎవరికి పెట్టాలి? తీర్పు వచ్చేదాకా పింఛను ఆపుతారా? మళ్లీ ఆ వైద్యుల దగ్గరికే పంపుతారా?

ఆనందపురం రైతుబిడ్డ
మా నాన్నది ఇంకా అన్యాయం. పక్షవాతంతో మూడేళ్లుగా మంచం మీదే ఉన్నారు. 15,000 వచ్చేది. పరీక్షకు నలుగురం మోసుకుని తీసుకెళ్లాం. పట్టుకుని కూర్చోబెడితే కూర్చున్నారు. అంతే, పూర్తిగా మంచానికి పరిమితం కాలేదని రాసి 6,000కు మార్చారు. కూర్చోబెట్టింది మేము! వెనక నా భుజం ఆనించి ఉంచాను. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. నెలకు 9,000 తేడా అంటే మా ఇంట్లో మందులు, డైపర్లు, ఫిజియోథెరపీ అన్నీ పోయినట్టే.

నిజం మాట్లాడతా
అందరూ కోపగించుకున్నా చెబుతాను. ఈ పరీక్షలు జరగాల్సిందే. మా వీధిలో చెవుడు అని పింఛను తీసుకునే మనిషి ఫోనులో గంటసేపు మాట్లాడతాడు. అలాంటివాళ్ల వల్లే అసలైనవాళ్లకు ఈ తిప్పలు.

మల్కాపురం 68
@నిజం మాట్లాడతా: మీ వీధిలో మనిషికి చెవిలో యంత్రం ఉందో లేదో చూశారా? నాకు రెండు చెవులూ 70 డెసిబెల్స్ దాటి పోయాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది పూర్తి చెవుడు. యంత్రం పెట్టుకుని, ఫోను శబ్దం పెంచుకుని, అవతలివాళ్లు నెమ్మదిగా మాట్లాడితే నేనూ మాట్లాడతాను. నన్ను కూడా దొంగ అంటారా? నిజంగా దొంగ పత్రం అయితే అదే చట్టంలో 91వ సెక్షన్ ఉంది, రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ధైర్యం ఉంటే పేరు రాసి ఫిర్యాదు ఇవ్వండి. ఇక్కడ కూర్చుని మా అందరి మీదా బురద చల్లకండి.

నిజం మాట్లాడతా
నేను మిమ్మల్ని అనలేదు. ఎందుకు మీ మీదకు లాక్కుంటారు?

మల్కాపురం 68
అలా చూసే కళ్లు నా మీద పడుతున్నాయి కాబట్టి. బస్సులో పాసు చూపించిన ప్రతిసారీ పడుతున్నాయి.

శ్రావణమేఘం
మా అబ్బాయికి 26 ఏళ్లు. స్కిజోఫ్రెనియా. ఆరేళ్లుగా మందులు వాడుతున్నాడు. పరీక్ష రోజున స్నానం చేయించి, మంచి చొక్కా వేసి తీసుకెళ్లాను. పేరు అడిగారు, చెప్పాడు. ఏ ఊరు, ఏ రోజు అని అడిగారు, చెప్పాడు. 35 శాతం వేశారు. స్నానం చేయించింది నేనని ఎవరూ అడగలేదు. రాత్రుళ్లు గుమ్మానికి అడ్డంగా పడుకునేది నేనని అడగలేదు. మానసిక వైకల్యానికి అప్పీలు చేసి గెలిచినవారు ఎవరైనా ఉన్నారా?

కొలబద్ద
31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇలాంటి శిబిరాలు వందకు పైగా చూశాను. కాబట్టి వినండి. పోలియో కాలుకు నడక ఒక్కటే చూసి శాతం వేయరు. ఒక్కో కండరం బలాన్ని 0 నుంచి 5 దాకా గ్రేడు చేస్తారు. కీలు ఎంత వంగుతుందో గోనియోమీటరుతో కొలుస్తారు. రెండు కాళ్ల పొడవు టేపుతో కొలిచి, పొట్టిగా ఉంటే దానికి విడిగా కలుపుతారు. ఇవన్నీ కలిపితేనే శాతం. మీ అక్కకు 38 వచ్చిందంటే కొలతల్లో 38 వచ్చిందన్నమాట. భావోద్వేగంతో శాతం పెరగదు.

గోపాలపట్నం తమ్ముడు
అయ్యా, టేపు తీయలేదు. కాలు ముట్టుకోలేదు. నేను గదిలోనే ఉన్నాను.

కొలబద్ద
అలా జరగదు. మీరు గమనించి ఉండరు.

గోపాలపట్నం తమ్ముడు
మా అక్క కాలును 40 ఏళ్లుగా చూస్తున్నవాణ్ని. ఆమె చీర మోకాలి దాకా ఎత్తమన్నారా లేదా అన్నది నేను గమనించనా? మీ అనుభవానికి గౌరవం ఇస్తాను కానీ నన్ను అబద్ధాలకోరును చేయకండి.

కడలికెరటం
తమ్ముడు చెప్పింది నమ్ముతాను. నాకూ అదే జరిగింది. మొదటిసారి కాలికి ఊతగా కట్టే కాలిపర్ వేసుకునే వెళ్లాను, తీయమని ఎవరూ అనలేదు. అప్పీలులో వేరే వైద్యులు చూశారు. నేనే కాలిపర్ తీసి పక్కన పెట్టి, కొలవండి అన్నాను. కొలిచారు. 34 కాస్తా 46 అయింది. తమ్ముడూ, నీ ప్రశ్నలకు జవాబు: నగరంలో అయితే మున్సిపల్ కమిషనరుకు, మండలాల్లో అయితే ఎంపీడీఓకు అప్పీలు. నేను వార్డు సచివాలయం ద్వారానే ఇచ్చాను. నోటీసులో రాసిన గడువు లోపల ఇవ్వాలి. నాకైతే అప్పీలు నడిచినన్నాళ్లూ ఒకటో తేదీన పింఛను ఇంటికి వచ్చింది. రసీదు మాత్రం వదలకు. ఇవ్వకపోతే అక్కడే కూర్చో.

పెందుర్తి శ్రీను
నేను సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. నంబరు కూడా వచ్చింది. అది చాలదా?

మహారాణిపేట వకీలు
చాలదు. సోమవారం అర్జీ ఫిర్యాదు మాత్రమే, అప్పీలు కాదు. ఆ నంబరు చూసుకుని నిశ్చింతగా కూర్చుని, నోటీసు గడువు దాటాక నా దగ్గరికి వచ్చినవారు ఇప్పటికే ఇద్దరు. రెండూ ఇవ్వండి, కానీ ముందు అప్పీలు.

ఇంకో మాట. ధ్రువపత్రం ఇచ్చే వైద్యాధికారి నిర్ణయం మీద అప్పీలు హక్కు 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్‌లోనే ఉంది. అది ఎవరో దయతలచి ఇచ్చిన అవకాశం కాదు. అర్జీలో ఆ సెక్షన్ పేరు రాయండి. ఏయే కొలతలు తీసుకోలేదో వరుసగా రాయండి. పేదవాళ్లమని, దిక్కులేనివాళ్లమని రెండు పేజీలు రాస్తే చదివేవారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

పెందుర్తి శ్రీను
మరి నాకు ఆ మాట కౌంటర్ దగ్గర ఎందుకు చెప్పలేదు? నాకు రెండు రోజులే గడువు ఉంది. ఇప్పుడే బయల్దేరుతున్నాను.

నిజం మాట్లాడతా
తమ్ముడు గారూ, మీ అక్కకు కన్ను కూడా లేదన్నారు. 38కి కంటి 30 కలిపితే 68 అవుతుంది కదా. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

కొలబద్ద
ఒక కన్ను పోతే వైకల్యం లెక్కలోకి రాదు. రెండో కన్ను బాగుంటే పింఛను లేదు. తెలియకుండా సలహాలివ్వకండి.

నిజం మాట్లాడతా
లెక్కలోకి రాదని ఎవరన్నారు? మా బావమరిదికి ఒక కంటికి 30 శాతం అని పత్రం ఉంది. నా కళ్లతో చూశాను.

కొలబద్ద
30 ఉంటే ఏం లాభం? 40 లేనిదే పింఛను లేదు. నేను చెప్పింది అదే.

మల్కాపురం 68
మీరు చెప్పింది అది కాదు. లెక్కలోకి రాదు అన్నారు. పైన ఉంది, చదువుకోండి.

మహారాణిపేట వకీలు
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతం. అదొక్కటే అయితే పింఛనుకు చాలదు, నిజమే. కానీ రెండు రకాల వైకల్యం ఉన్న మనిషికి రెండూ కలిపి లెక్కించాలి. అలాగని నేరుగా కూడకూడదు. కేంద్రం మార్గదర్శకాల్లో సూత్రం ఉంది. పెద్ద శాతాన్ని 90లోంచి తీసివేయాలి, వచ్చినదాన్ని చిన్న శాతంతో హెచ్చించి 90తో భాగించాలి, దాన్ని పెద్ద శాతానికి కలపాలి. ఇక్కడ 90లోంచి 38 పోతే 52. దాన్ని 30తో హెచ్చిస్తే 1,560. 90తో భాగిస్తే 17 చిల్లర. 38కి కలిపితే 55.

నిజం మాట్లాడతా
38కి 30 కలిపితే 68 కాక 55 ఎలా అవుతుంది? ఇది కూడా ప్రభుత్వం కోత పెట్టడానికే.

కొలబద్ద
సూత్రం నాకు తెలుసు. అలా కాకపోతే 60, 50 ఉన్న మనిషికి 110 శాతం వస్తుంది. మనిషికి నూటికి మించి వైకల్యం ఉంటుందా? 25, 20 ఉన్నవారికి 39 దగ్గర ఆగిపోయిన సందర్భాలు నేను చూశాను. కూడితే 45, సూత్రంలో 39. ఆ ఒక్క శాతానికి ఆడవాళ్లు శిబిరంలోనే ఏడవడం చూశాను. నాకేమీ సంతోషం కాలేదు.

ఆనందపురం రైతుబిడ్డ
అంకెల మీద ఇంతసేపు వాదించుకున్నారు. మంచం మీద ఉన్న మనిషిని ఇంటికి వచ్చి చూసే దారి ఉందా లేదా అన్నది ఒక్కరూ చెప్పలేదు. నాన్నను మళ్లీ మోసుకెళ్లాలంటే నా వల్ల కావడం లేదు.

శ్రావణమేఘం
నా ప్రశ్నను కూడా ఎవరూ పట్టించుకోలేదు. కాలు, కన్ను, చెవి అయితే కొలవడానికి టేపు ఉంటుంది. మా అబ్బాయికి ఏ టేపు ఉంది?

కడలికెరటం
అమ్మా, క్షమించండి. మా పిన్ని కూతురిది ఇదే సమస్య. దానికీ ఒక కొలత ఉంది, ఐడియాస్ అంటారు. తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం, ఈ నాలుగింటికీ మార్కులు వేస్తారు. గత రెండేళ్లలో ఎన్ని నెలలు జబ్బుతో ఉన్నాడన్నది కూడా కలుపుతారు. అంటే ఆ రోజు ఎలా ఉన్నాడన్నది ఒక్కటే చూడకూడదు. మా పిన్ని రెండేళ్ల మందుల చీటీలు తేదీల వరుసలో కుట్టి తీసుకెళ్లింది. స్నానం ఎవరు చేయిస్తారు, డబ్బు చేతికిస్తే ఏం చేస్తాడు, ఒంటరిగా బస్సెక్కగలడా, అన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి అప్పీలుకు జతచేసింది. మీరు పైన రాసిన ఆ నాలుగు వాక్యాలే అక్కడా రాయండి. గుమ్మానికి అడ్డంగా పడుకోవడం తప్పకుండా రాయండి. ఇంకొకటి, పరీక్ష రోజున కొత్త చొక్కా వద్దు. ఇంట్లో ఎలా ఉంటాడో అలాగే తీసుకెళ్లండి.

శ్రావణమేఘం
చొక్కా వేసింది నలుగురిలో వాడు చిన్నబోకూడదని.

కొలబద్ద
ఆనందపురం బాబుకు: ఇంటికి వచ్చి చూడమని అప్పీలు అర్జీలోనే రాతపూర్వకంగా అడగండి. మంచం మీద ఉన్న ఫొటోలు, పుండ్లు ఉంటే వాటి ఫొటోలు, చూస్తున్న వైద్యుడి చీటీ జతపరచండి. మళ్లీ తీసుకెళ్లక తప్పకపోతే ఆసరా తీసేసి కూర్చోబెట్టి చూడమని మీరే అడగండి. పక్కనే ఉండండి, పడనివ్వకండి. వెనక నుంచి పట్టుకోవడం వల్లే మీకు నష్టం జరిగింది.

తమ్ముడు గారూ, మిమ్మల్ని గమనించలేదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొలతల పత్రం నకలు సమాచార హక్కు కింద అడగండి. 10 రూపాయల రుసుము, 30 రోజుల్లో ఇవ్వాలి. గడులు ఖాళీగా ఉంటే మీరు చెప్పిందే రుజువవుతుంది.

మహారాణిపేట వకీలు
ఆ నకలు కోసం అప్పీలు ఆపకండి. ముందు అప్పీలు, తర్వాత సమాచార హక్కు. వకీలు ఖర్చుకు భయపడేవారికి ఒక మాట: 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి తెల్ల కాగితం మీద అడిగితే చాలు.

పెందుర్తి శ్రీను
ఇచ్చేశాను. రసీదు వచ్చింది. గడువుకు ఒక రోజు ముందు.

గోపాలపట్నం తమ్ముడు
చాలా రోజులకు మళ్లీ వచ్చాను. అప్పీలులో కాలు కొలవలేదని, కన్ను అసలు చూడలేదని రెండు అంశాలుగా రాశాం. 59వ సెక్షన్ రాశాం. ఈసారి వేరే వైద్యులు. టేపు పెట్టారు, గోనియోమీటరు పెట్టారు, చీర మోకాలి పైదాకా జరిపి కండరం కండరం చూశారు. అంతా చూసి కాలుకు మళ్లీ 38 అనే రాశారు. అక్క ముఖం వాడిపోయింది. 52 ఎలా 38 అయిందో ఇప్పటికీ నాకు సమాధానం దొరకలేదు. తర్వాత కంటి విభాగానికి పంపారు. అక్కడ 30. కొత్త పత్రంలో రెండు వరుసలు రాసి కింద మొత్తం 55 అని ఉంది. నిజం మాట్లాడతా గారూ, కన్ను మాట మళ్లీ ఎత్తింది మీరే. అక్క మీకు నమస్కారం చెప్పమంది.

నిజం మాట్లాడతా
అక్కకు నా నమస్కారాలు. 68 రావాల్సిందని ఇప్పటికీ అంటాను.

మల్కాపురం 68
కంటి పరీక్షకు స్లాటు విడిగా తీసుకోవాల్సి వచ్చిందా, అదే రోజు చూశారా? మా చెల్లెలికి చెవితోపాటు చెయ్యి కూడా సమస్య. పత్రంలో చెవి ఒక్కటే ఉంది.

గోపాలపట్నం తమ్ముడు
మాకు వేరే రోజు ఇచ్చారు. రెండు సమస్యలూ అర్జీలో మొదటి పేరాలోనే రాయండి. మేము మొదట రాసిన చిత్తులో కన్ను చివరి వాక్యంలో ఉంది.