వాచీ కట్టుకోవాలా, పెట్టుకోవాలా?

నిన్న మా ఇంట్లో వచ్చిన వాదన ఇది. మా అమ్మాయి బడికి బయల్దేరుతూ "అయ్యో, వాచీ పెట్టుకోలేదు" అంది. మా అమ్మ వెంటనే "పెట్టుకోవడమేమిటే, కట్టుకోవాలి" అని సరిదిద్దింది. నాకూ అమ్మ మాటే సరైనదనిపించింది. ఎందుకని అమ్మాయి అడిగితే మాత్రం చెప్పలేకపోయాను.

తర్వాత ఆలోచించాను. ఒంటిమీద ధరించేవాటికి తెలుగులో ఒకే క్రియ లేదు. చీర కట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, గాజులు తొడుక్కుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం. ఆ సమయంలో చేతులు ఏ పని చేస్తాయో దాన్నే క్రియ చెబుతుంది. తోలు పట్టీని చేతిచుట్టూ తిప్పి, బకిల్‌లో దూర్చి బిగిస్తాం కాబట్టి అది కట్టుకోవడమే. అసలు వాచీ ఉండే చోటు పేరే మణికట్టు! సాగే చైనున్న వాచీనైతే గాజులా తొడుక్కోవచ్చు. మరి మీ ఇళ్ళలో ఏమంటారు?

గాజువాక నుంచి ఒక పెద్దాయన:
మీ అమ్మగారి మాటే నాది. నేను స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరయ్యాను. లేత్ మిషన్ దగ్గరకు వెళ్ళేముందు "వాచీ విప్పు" అని కొత్త కుర్రాళ్ళకు చెప్పేవాళ్ళం. తిరిగే మిషన్‌కు పట్టీ చిక్కుకుంటే చెయ్యే పోతుంది. కట్టినదాన్నే కదా బాబూ విప్పుతాం. ఇంకో సంగతి. మా పెళ్ళిలో మావగారు నాకు హెచ్‌ఎంటీ వాచీ "పెట్టారు". అంటే కానుకగా ఇచ్చారని. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలుపెట్టింది. అల్లుడికి ఆ వాచీ పెట్టడమంటే మా రోజుల్లో పెద్ద మర్యాద. పెట్టినవారు మావగారు, కట్టుకున్నవాణ్ణి నేను.

మద్దిలపాలెం నుంచి ఒక టీచరు:
మాస్టారూ, "పెట్టు"కు ఇంకో అర్థం కూడా ఉంది. "నా వాచీ అయిదు నిమిషాలు ముందుకు పెట్టుకున్నాను" అంటాం. నిజానికి మన విశాఖలో సూర్యుడే వాచీకన్నా సగటున మూడు నిమిషాలు ముందుంటాడు. భారత ప్రామాణిక సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు. మనం దానికి ఇంకాస్త తూర్పున, 83.3 దగ్గర ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. అలాగే మా నాన్నగారు రోజూ పొద్దున్నే వాచీకి "కీ ఇచ్చేవారు". అక్కడ కీ ఎక్కడుంది, పక్కన చిన్న మర తప్ప! పూర్వపు జేబు గడియారాలకు విడిగా తాళంచెవి ఉండేది. ఆ తాళంచెవి పోయింది, మాట మిగిలింది. కాబట్టి స్మార్ట్‌వాచీలు వచ్చినా "కట్టుకోవడం" అంత తొందరగా పోదనే నా నమ్మకం.

మళ్ళీ నేను:
అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన చెప్పిన "విప్పు" నా మనసులో ఉండిపోయింది. మా అమ్మాయిది స్మార్ట్‌వాచీ. రాత్రి దానికి ఛార్జింగ్ పెట్టబోతుంటే మామ్మ అన్నానికి పిలిచింది. లోపల్నుంచి దాని జవాబు: "ఉండు మామ్మా, వాచీ విప్పేసి వస్తున్నా."